డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్రము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరిక దొరకినప్పుడు భారత భాగవతములు చదువుకొనుట నా వినోదము. కావున నేను తిక్కన సోమయాజిని గూర్చియో, పోతనామాత్యుని గూర్చియో వ్రాయుదునని మిత్రులు తలంచిరి. కాని నేను వ్రాయబూనినది ఒక కవిని గూర్చి కాదు. మందులు కనుగొనిన ఒక శాస్త్రజ్ఞుని గూర్చి. ఆయన భీమవరమున పుట్టి న్యూయార్కు నగరమున మరణించిరి. మన నకిరేకల్ పేరు ఆయన చెవిని పడియుండదు. అయినను ఆయన పూనికచే తయారైన మందు మన యింటింటికిని వచ్చినది. దానిని పుచ్చుకొనిన మనలో పెక్కుమందికి దాని వెనుక ఎవరున్నారో తెలియదు. ఆ తెలియమివలన నావంటివాడు ఎట్టి తప్పు చేసెనో వ్యాసాంతమున మనవి చేసికొందును.

జననము – విద్య

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన గోదావరి సీమయందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వేంకమ్మగారు. బిడ్డలు ఏడుగురు. తండ్రి ఆరోగ్యము చెడి ఉద్యోగము త్వరగా విడువవలసి వచ్చుటచే ఆ యింట కలిమి లేకపోయెను. బాలుడైన సుబ్బారావునకు చదువునందు మొదట మనసు నిలువలేదు. పదుమూడవ యేట ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని బయలుదేరెను. ఇంటివారు వెదకి పట్టి తెచ్చిరి. తల్లి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు తిరువళ్ళిక్కేణిలోని హిందూ హైస్కూలునుండి ఆ బాలుడు గట్టెక్కెను. ఈ మాట మన పిల్లలు ముఖ్యముగా గమనింపవలెను. పిమ్మట లోకమునకు ప్రాణదానము చేసిన మేధ పదవతరగతి పరీక్షవంటి దానిలో రెండు పర్యాయములు తప్పినది. ఆ కాలమున తండ్రి గతించగా తల్లి తన నగలమ్మి కొడుకును చదివించెను.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనసు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్న్యసింపగోరిరి. తల్లి సమ్మతింపలేదు. కాషాయము ధరింపకయే దీనజనులకు సేవచేయుటకు వైద్యము మంచి త్రోవయని నిశ్చయించుకొని మద్రాసు వైద్యకళాశాలయందు చేరిరి. 1919లో అనపర్తి కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహమైనది. చదువు ఖర్చులలో మామగారు సాయపడిరి.

అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోనికి సయితము ఖద్దరు అంగీతోనే పోయిరి. అది ఆంగ్లేయుడైన ఆచార్యునకు కంటగింపయ్యెను. తుదకు పరీక్షలలో తక్కిన విషయములన్నిట రాణించినను ఆయనకు పూర్ణమైన ఎం.బి.బి.ఎస్. పట్టము దొరకక, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము ఆశించుటకు దారి మూసికొనిపోయెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు మద్రాసులో నడపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపిరి.

ఆ దినములలోనే ఆయన జీవితమును మలుపు త్రిప్పిన దుఃఖము సంభవించినది. ఆయన అన్నయు తమ్ముడును కొలదిదినముల వ్యవధిలో ఒకరివెంట ఒకరు మరణించిరి. రోగము గ్రహణి, పాశ్చాత్య వైద్యులు స్ప్రూ అనునది. తిన్న అన్నము ఒంటబట్టక, నోరు పూసి, విరేచనములతో రక్తము తరిగి మనిషి కృశించి పోవు వ్యాధి యది. తదుపరి సుబ్బారావుగారికే ఆ రోగము సోకెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికిరి. తోబుట్టువులను కొనిపోయిన రోగము తన్ను విడిచిపెట్టెను. అది ఏల వచ్చునో, దేనివలన పోవునో ఏ పద్ధతి వైద్యులును నాడు రూఢిగా చెప్పజాలకుండిరి. ఆ మర్మము తెలిసికొనవలెనను పట్టుదల ఆయన మనసున నాటుకొనెను.

అమెరికా ప్రయాణము

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయము చేయుదుమని మాట యిచ్చుటచేతను, మామగారు కూర్చిన ధనముచేతను ఆయన అమెరికా దేశమునకు ఓడ యెక్కి, బోస్టను నగరమునందలి హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరిరి. భార్యను ఇచ్చటనే విడిచి పోయిరి. మూడు సంవత్సరములలో మరలివచ్చెదనని పోయినవారు మరల ఈ నేలపై అడుగుపెట్టలేదు. వారి కుమారుడు శైశవముననే మరణించెను. శేషగిరమ్మగారు జీవితమంతయు నిరీక్షణముననే గడపిరి. సుబ్బారావుగారి కీర్తిని చెప్పుకొనునపుడు ఆమె పడిన బాధను విస్మరించుట న్యాయము కాదు.

అచ్చట ఆయన వైద్యపట్టమునకు చాలిన విలువ లేకపోయెను. పొట్ట గడుచుటకై పీటర్ బెంట్ బ్రిగ్‌హాం ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు కూలిపనికి కుదిరిరి. పగలు చదువు, రాత్రి ఊడిగము. కూడబెట్టిన దానిలో ఇంటికి పంపుచుండిరి. ఉష్ణమండల వైద్యములో పట్టము పొందిన పిమ్మట హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కు అను ఆచార్యునివద్ద జీవరసాయనశాస్త్ర పరిశోధనకు పూనుకొనిరి.

1925లో వారిద్దరును రక్తమునందును మూత్రమునందును ఎంత భాస్వరము కలదో కొలుచు పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవములో కొన్ని మందులు కలిపినచో నీలివన్నె పుట్టును. భాస్వరము ఎక్కువైనకొలది వన్నె చిక్కనగును. వన్నెను కొలిచి భాస్వరమును చెప్పవచ్చును. ఫిస్కు–సుబ్బారావు పద్ధతియను పేర ఇది ప్రపంచమందలి ప్రయోగశాలలకెల్ల ప్రాకినది. ఈ కొలతను కండరముల రసముపై ప్రయోగించునప్పుడు వన్నె ఉండవలసినంత త్వరగా రాక, క్రమముగా చిక్కనగుట వారు గమనించిరి. మరియొకడైనచో కొలత తప్పినదని పారబోయును. వారు ఏల ఆలస్యమైనదని ప్రశ్నించిరి. నిలుకడలేని ఏదో పదార్థము మెల్లగా విచ్చిపోవుచు భాస్వరమును విడుచుచున్నదని గ్రహించిరి. అట్లు 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఏ.టి.పి. అను పదార్థము వెలికివచ్చెను. ఏ.టి.పి.ని అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును వేరుగా కనుగొనెను. మన చేయి కదలుటకును, గుండె కొట్టుకొనుటకును శక్తిని చేరవేయు నాణెము ఆ ఏ.టి.పి.యే అని నేటి పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. లెక్కలో ఒక అణా తేడా వచ్చినపుడు దానిని కొట్టివేయక వెంటబడి పోయినచో అసలు సంగతి బయటపడునని నా వృత్తిలోని పెద్దలు చెప్పుచుండిరి. ఆ నీతి శాస్త్రమునకును చెల్లునని ఈ సంగతివలన తెలిసికొంటిని.

1930లో ఆయనకు డాక్టరేటు పట్టము వచ్చెను. ఆపై పదియేండ్లు అచ్చటనే పాటుపడినను హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో ఆయన న్యూయార్కు నగరమునకు సమీపమందలి పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ఔషధ ప్రయోగశాలలో చేరి, అచిరకాలముననే పరిశోధనలకెల్ల అధిపతి యైరి.

ఔషధ నిర్మాణము

ఇచ్చట పాఠకులకు ఒక సంగతి వివరింపవలెను. మన పెద్దలు మందనగా అడవినుండి తెచ్చిన మూలికయే యని తలంచిరి. లేని పదార్థమును మనుష్యుడే కూర్చి మందుగా చేయుట గత శతాబ్దపు ఆరంభమున వృద్ధిపొందిన విద్య. జర్మనీలో ఏర్లిక్ అను వైద్యుడు సవాయి రోగమునకు మందు వెదకుచు, ఆర్సెనిక్ కలిసిన పదార్థములను వందలకొలది చేయించి, ఒక్కొక్కదానిని రోగము తగిలించిన జంతువులపై పరీక్షించెను. 606 సంఖ్య గల పదార్థము ఫలించినట్లు 1909లో తేలెను. 1935లో డోమాక్ అను మరియొక జర్మను వైద్యుడు ఎఱ్ఱని అద్దకపు రంగునుండి పుట్టిన మందు ఎలుకలను సూక్ష్మజీవుల బారినుండి కాపాడెనని ప్రకటించెను. సల్ఫా మందుల వంశమునకు అది మొదలు.

లక్ష్మణుడు మూర్ఛిల్లినపుడు సంజీవని యేదో తెలియక ఆంజనేయుడు కొండనే పెకలించి తెచ్చెను. శాస్త్రజ్ఞునకును కొండయే ఎదురగును. కాని ఆతడు దానిపైగల ప్రతి ఆకును వేరువేరుగా పరీక్షించి, ఏది రోగమును చంపును, ఏది రోగినే చంపును అని విడదీసి చూడవలెను. చేసిన పదార్థములలో నూటికి తొంబదితొమ్మిది వ్యర్థములైనను, అవి వ్యర్థములని వ్రాసిపెట్టుటయు ఆ పనిలో భాగమే.

సల్ఫా మందు ఏల పనిచేయునో 1940లో ఇంగ్లండునందు తేలినది. సూక్ష్మజీవి తన వృద్ధికి ఒక చిన్న పదార్థమును గ్రహించి వాడుకొనును. సల్ఫా మందు రూపున అచ్చముగా దానివలెనే ఉండును. పూతన తల్లివేషమున వచ్చి పాలిచ్చిన కథ మనకు తెలిసినదే. అచ్చట కృష్ణుడు మోసపోలేదు కాని ఇచ్చట సూక్ష్మజీవి మోసపోవును. మేలైన ఆహారమనుకొని మారువేషమును మ్రింగి పెరుగుట మానును. ఆ చిన్న పదార్థము ఏ పెద్ద పదార్థమునకు అంగమో పిమ్మట తెలిసినది. అదియే ఫోలిక్ ఆమ్లము. దానిని కృత్రిమముగా నిర్మించినవారు సుబ్బారావుగారి సహచరులు.

కార్జము రసము త్రాగించిన కొన్ని రక్తహీనతలు తగ్గునని వైద్యులకు ముందే తెలియును. బొంబాయి నగరమున గర్భిణులగు కూలిస్త్రీల రక్తహీనతను లూసీ విల్సు అను వైద్యురాలు పరిశీలించి, దానిని పోగొట్టు అజ్ఞాతపదార్థము ఈస్టు సారమునందు కలదని 1930 ప్రాంతముననే చూపియుండెను. సుబ్బారావుగారు దాని వెంటబడిరి. కార్జమునుండి దానిని వేరుచేయుట మిక్కిలి కష్టము, దొరకునది గోరంత. కావున దాని నిర్మాణము గ్రహించి, మూడు భాగములను కూర్చి ప్రయోగశాలలోనే చేయుటకు పూనుకొనిరి. 1945లో ఆ పని నెరవేరినది. ఆ మందు ఉష్ణదేశపు గ్రహణి రోగులకు ఇయ్యగా నోటిపూత మానెను, రక్తము పట్టెను, అన్నము ఒంటబట్టెను. అన్నదమ్ములను కోల్పోయిన ఇరువది యేండ్లకు పైగా గడచిన పిమ్మట, వారిని బ్రతికించియుండదగిన మందు ఆయన చేతికి వచ్చెను. నేడు మన ఊరి గర్భిణులకు ఇనుముతో కలిపి యిచ్చు మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

బోదకాలు మందు

నల్లగొండ జిల్లా పేరు చెప్పినంతనే పరస్థలమువారికి ఫ్లోరైడు నీరు, వంగిన ఎముకలు స్ఫురణకు వచ్చును. కాని మన సీమను పట్టిన మరియొక పీడ బోదకాలు. మా నాయనమ్మకు అది యుండెను. ఆమె కుడికాలు మోకాటినుండి మడమవరకు దూలమువలె ఉండెడిది. చీర కుచ్చెళ్ళు నేల జీరాడునట్లు కట్టి దానిని దాచుకొనెడిది. పెండ్లిండ్లకు పోయెడిది కాదు. కొన్ని నెలలకొకమారు చలిజ్వరము వచ్చి, గజ్జలో బిళ్ళ కట్టి, కాలు ఎఱ్ఱబారి మండగా మూడుదినములు మూలుగుచు పడియుండెడిది. జ్వరము విడిచిన ప్రతిమారు కాలు మునుపటికంటె కొంత లావయ్యెడిది. అది పూర్వకర్మ ఫలమని ఆమె నమ్మెను. మేమును నమ్మితిమి.

అది కర్మఫలము కాదు, పురుగు. దారమంత సన్నని పురుగులు మనుష్యుని శోషరసనాళములలో నాలుగైదు సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువకాలము, కాపురముండి లక్షలకొలది పిల్లపురుగులను రక్తములోనికి విడుచును. కలకత్తాలో లూయిసు అను వైద్యుడు 1872లో ఆ పిల్లపురుగులను మనుష్యరక్తమున చూచెను. చీనాదేశమున మాన్సన్ అను వైద్యుడు 1877లో దోమ వానిని రక్తముతోపాటు పీల్చుననియు, దోమ కడుపులో అవి పెరుగుననియు కనిపెట్టెను. అవి పగలు లోపల దాగి రాత్రివేళ రక్తములో తిరుగునని చూపినవాడును ఆతడే. అందుచేతనే ఆరోగ్యశాఖవారు ఊళ్ళో జనులు పడుకొను వేళకు వచ్చి రక్తపుచుక్క తీసికొందురు. మురికిగుంటలో పెరుగు దోమ ఒకనినుండి మరియొకనికి ఈ రోగమును మోయును.

రోగమెట్లు వచ్చునో తెలిసి డెబ్బదియేండ్లు గడచినను మంచి మందు లేకపోయెను. ఉన్న అంటిమొనీ మందులు సూదితో ఇయ్యవలసినవి, విషప్రాయములు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పసిఫిక్ ద్వీపములలో పోరాడిన అమెరికా సైనికులకు ఈ రోగము సోకుటచే అచ్చటివారికి మందు వెదకవలసిన అగత్యము కలిగెను. సుబ్బారావుగారు ఈ పనిని హెవిట్ అను పరాన్నజీవి శాస్త్రజ్ఞునకు ఒప్పగించి, రసాయనికులను ఆయనకు తోడుగా నిలిపిరి. మనుష్యుని బోదపురుగు చిన్నజంతువులలో బ్రతుకదు. కావున కాటన్ ర్యాట్ అను అమెరికా ఎలుకలలో సహజముగా నుండు, దానికి దగ్గరి చుట్టమైన పురుగును ఎన్నుకొనిరి. రసాయనికులు పదార్థము చేసి పంపుదురు. హెవిట్ బృందము ఎలుకకు దానిని తినిపించి, మందుకు ముందును వెనుకను రక్తపుచుక్కలోని పిల్లపురుగులను సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టుదురు. లెక్క తగ్గనిచో ఆ పదార్థము ప్రక్కకు పోవును. ఒక్కటి కొంత తగ్గించినచో దాని అంగములలో ఒకదానిని మార్చి మరల చేయుదురు. అట్లు పెక్కు పదార్థములు చేయగా, పైపరజీను అను పదార్థపు సంతతిలోని ఒకటి ఎలుకల రక్తమునుండి పిల్లపురుగులను త్వరగా తుడిచివేసెను. అది నోటితో మ్రింగదగినది. అంటిమొనీవలె విషము కాదు. కుక్కల గుండెపురుగులపై కూడ పరీక్షించి, పిమ్మట పోర్టోరికో ద్వీపమున రోగులకు ఇచ్చి చూచిరి. 1947లో ఫలితములు ప్రకటింపబడెను. డైయిథైల్ కార్బమజీను దాని శాస్త్రనామము, హెట్రజాను వ్యాపారనామము, మన ఆరోగ్య కార్యకర్తల నోట డీ.ఈ.సీ. మాత్ర.

ఈ మందు లాగిన కాలును మరల సన్నగా చేయలేదు. ఆ సంగతి స్పష్టముగా చెప్పవలెను. అది రక్తములోని పిల్లపురుగులను నశింపజేయును, పెద్దపురుగులలో కొన్నిటిని చంపును. కావున రోగము ఒకని రక్తమునుండి దోమద్వారా పొరుగువానికి పోకుండ ఆపును. ఊరిలో చాలమంది మ్రింగినప్పుడే అది ఊరిని కాపాడును. ఒకడు మ్రింగి పదిమంది మానినచో దోమకు కొరత లేదు. కాలు వాచినవారికి ప్రతిదినము సబ్బుతో కడిగి, తడి లేకుండ తుడుచుకొని, వ్రేళ్ళ సందుల పుండ్లు పడకుండ చూచుకొనుటయే జ్వరములను తగ్గించు ఉపాయము. మా నాయనమ్మకు ఇంతమాత్రము చెప్పినవారు లేకపోయిరి.

తుది దినములు

ఆయన కడపటి సంవత్సరములు ఫలములతో నిండియుండెను. డెబ్బదియేండ్లు దాటి ఉద్యోగమునుండి విరమించిన డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుని లెడర్లీలో చేర్చుకొనిరి. ఆ వృద్ధుడు నానాప్రదేశముల మట్టిని తెప్పించి పరీక్షింపగా, మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని ఒక బంగారువన్నె సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందు దొరకెను. 1948లో అది ప్రకటింపబడెను. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబమునకు అది పెద్దక్క. పెనిసిలినుకు లొంగని పెక్కు రోగములకు ఆ కుటుంబము మందైనది. ఇందొక చిత్రము కలదు. బోదపురుగు కడుపులో దానికి ఆధారముగా ఒక సూక్ష్మజీవి కాపురముండునని తరువాతి కాలమున తెలిసినది. టెట్రాసైక్లిన్ వంశపు డాక్సీసైక్లిన్ ఆ సూక్ష్మజీవిని చంపగా పెద్దపురుగే క్షీణించుచున్నది. ఆయన యింటినుండి వేరువేరు దారుల బయలుదేరిన రెండు మందులు ఒకే శత్రువును రెండువైపుల ముట్టడించినవి.

ఫోలిక్ ఆమ్లమునకు మారువేషములను చేయించుట మరియొక కార్యము. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపుక్యాన్సరుతో మరణించుచున్న పసిపిల్లలకు వానిలో ఒకటియగు అమినోప్టెరిను ఇయ్యగా, పదునారుగురిలో పదిమందికి కొంతకాలము గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. అంతకుముందు ఆ రోగమున గుణమను మాటయే లేదు. దాని చెల్లెలు మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకును, తీవ్రమైన కీళ్ళవాతమునకును వాడబడుచున్నది.

ఆ యేడే, 1948 ఆగస్టు 9వ తేదీ ఉదయమున, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించియుండుట చూచిరి. వయస్సు 53 సంవత్సరములు. స్వతంత్ర భారతమునకు తొలి పుట్టినదినము ఇంకను ఆరుదినములుండెను. ఆయన అమెరికా పౌరుడు కాలేదు. భారతదేశమునకు మరల రాలేదు. నోబెలు బహుమానము ఆయనకు రాలేదు. మందులు ప్రకటింపబడునపుడు సహచరుల పేర్లు ముందుండునట్లు చూచి తాను వెనుక నిలుచుట ఆయన అలవాటు. మరణానంతరము ఒక బూజుజాతికి ఆయన పేర సుబ్బారోమైసిస్ అని పేరిడిరి. శతజయంతికి 1995లో మన తపాలాశాఖవారు ఒక తపాలాబిళ్ళ విడుదల చేసిరి.

మన కర్తవ్యము

భారత ప్రభుత్వము 1955లో బోదకాలు నివారణ పథకము ప్రారంభించినది. 2004 మొదలు సంవత్సరమునకొకమారు ఊరివారందరికిని డీ.ఈ.సీ. మాత్రలు, పిమ్మట వానితోపాటు ఆల్బెండజోల్ మాత్రయు పంచసాగిరి. రెండేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును, తీవ్రరోగులకును తప్ప తక్కినవారికెల్ల అన్నము తినిన పిమ్మట ఇయ్యవలసినదని నియమము. రక్తములో పురుగులున్నవానికి అవి చచ్చునపుడు కొంత జ్వరము, తలతిరుగుడు కలుగవచ్చును. ఆ జ్వరము మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు. కాని దానిని విని జనులు భయపడిరి. ఆ జనులలో నేనును ఒకడను.

ఒక యేడు కార్యకర్త మా యింటికి మాత్రలు తెచ్చినది. ఎదుట మ్రింగుడని ఆమె కోరెను. ఇంకను భోజనము కాలేదని నేను బొంకితిని. పని తొందరలోనున్న ఆమె నా మాట నమ్మి, ఇంటిల్లిపాది మ్రింగినట్లు పుస్తకమున గుర్తు పెట్టుకొని పోయెను. మాత్రలు గోడగూటిలో పడియుండెను. మరుసటి యేడును అంతే. నాలుగేండ్లకు మా తమ్ముని కుమారునకు జ్వరము వచ్చి కాలు వాచెను. రాత్రివేళ రక్తము తీసి చూడగా పురుగులున్నవని చెప్పిరి. అది నా గూటిలోని మాత్రలవలననే వచ్చినదని చెప్పజాలను. కాదని చెప్పుటకు నాకు నోరు రాదు. ఆ పిల్లవానికి వెంటనే మందు వాడుటచే రక్తము శుభ్రమైనది. కాలిలో స్వల్పమైన వాపు నిలిచిపోయెను.

ఆ పిమ్మట మన గ్రంథాలయములో శాస్త్రజ్ఞుల జీవితములను గూర్చిన ఒక పుస్తకము నా చేతబడినది. అందు సుబ్బారావుగారి చరిత్రము చదివితిని. మలమూత్రపాత్రలు కడిగిన చేయి, లెక్కకురాని పదార్థములను పరీక్షించిన శ్రమ, ఎలుక రక్తపుచుక్కలలో పురుగులు లెక్కపెట్టిన రాత్రులు, అవన్నియు కలిసి నా గూటిలోని ఆ చిన్నబిళ్ళలైనవని అప్పుడు తెలిసినది. ఆ రాత్రి గూటిలో చేయి పెట్టి చూచితిని. మాత్రలు వన్నె తప్పి, కాలము తీరి యుండెను. ముప్పదియేండ్లుగా ఒక్క తప్పుపద్దు వ్రాయలేదని గర్వపడువాడను, మరియొకరి పుస్తకమున రెండేండ్లు వరుసగా తప్పుపద్దు వ్రాయించితిని.

మన రాష్ట్ర ప్రభుత్వము 2018లో బోదకాలు రోగులను ఆసరా పింఛనుదారుల జాబితాలో చేర్చినది. అది మంచిపనియే. కాని ఆ జాబితాలో క్రొత్తపేరు చేరకుండుట అంతకంటె మంచిది. 2027 నాటికి ఈ రోగమును దేశమునుండి తొలగింపవలెనని భారత ప్రభుత్వము సంకల్పించినది. ఆ సంకల్పము నెరవేరుట ఢిల్లీలో లేదు. మాత్ర చేతికి వచ్చిననాడు మ్రింగు గ్రుక్కెడు నీటిలో ఉన్నది. ఇంటివెనుక మురుగుగుంట పూడ్చు పారలో ఉన్నది.

గ్రంథాలయము కథలు చదివి ప్రొద్దుపుచ్చుటకు మాత్రమే కాదనుటకు నా అనుభవమే సాక్ష్యము. ఇచ్చటి పుస్తకము ఒక్కటి ముందే చదివియుండినచో నా యింటిలో ఒక కాలు వాచియుండెడిది కాదేమో. మాత్ర తెచ్చు కార్యకర్త రేపు మన గడపకు వచ్చినచో, ఆమెకు పీట వేసి, అన్నము తినియే యున్నామని నిజము చెప్పి, ఆమె కన్నులయెదుట మ్రింగుదము. సుబ్బారావుగారికి మనము తీర్పగల ఋణము అదియే.